పాత మాత్రలే కావాలి

అంతసేపు చూడ్డానికి ఏముంది తమ్ముడూ ఆ చీటీలో? పదేళ్ళుగా నీ దగ్గర కొంటున్న మాత్రలే కదా. ఇన్నాళ్ళూ మడత కూడా సరిగ్గా విప్పకుండా ఇచ్చేవాడివి. ఇవాళే కనబడిందా తేదీ?

అవును, పాత చీటీయే. కొత్తది ఎక్కణ్ణుంచి తెస్తాను? కొత్త డాక్టరమ్మ అసలు మాత్రలే వద్దంటుంటే.

నేనూ కౌంటరు వెనక కూర్చునేదాన్నే. బస్టాండులో టికెట్లిస్తాను. అవతలివాడు అబద్ధమాడబోతున్నాడని వాడు నోరు తెరవకముందే పసిగడతాను. నా దగ్గర దాపరికాలొద్దు. ఎవరో నీకు ఏదో చెప్పారు. ఆ డాక్టరమ్మేనా? మా ఆడపడుచా?

ఆడపడుచే అయ్యుంటుంది. ఈ నిప్పు పెట్టింది ఆవిడే. మా అమ్మాయిని నాకొక్క మాట చెప్పకుండా ఆ కొత్త డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ మహాతల్లి ఒక పూటంతా కూర్చోబెట్టి కబుర్లు చెప్పించుకుని, పిల్లకి పిచ్చీ లేదు పాడూ లేదు, ఉన్నది ఆటిజం, పుట్టినప్పటినుంచీ ఉన్నదే అని తేల్చేసింది. పాతికేళ్ళ పిల్లకి ఇప్పుడా? చంటిపిల్లల విషయంలో కదా ఆ పేరు చెప్తారు? మరి ఈ చీటీ ఇచ్చిన పెద్ద డాక్టరు ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని రాశాడా? ఇద్దరిలో ఎవరో ఒకరు నన్ను వెర్రిదాన్ని చేస్తున్నారు.

మొదట్లో ఏం జరిగిందో నీకు తెలీదుగా. పదో తరగతిలో ఉండగా, బడిలో ఏదో ఫంక్షనుకి డ్రమ్ములు వాయిస్తుంటే ఇది చెవులు మూసుకుని బల్లకింద దూరింది. బయటికి లాగబోయిన టీచరు చెయ్యి కొరికింది. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి, "ప్రయాణికులకు గమనిక, బస్సు మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నది" అని ఒకటే పాట.

ఆ మాటలు నీకెవరు చెప్తున్నారమ్మా అని పెద్ద డాక్టరు అడిగాడు. "మైకులో ఆవిడ" అని చెప్పింది ఇది. అయ్యా, అవి మా బస్టాండు మాటలండీ, చిన్నప్పుడు నా పక్కన కూర్చుని విన్నవి అని చెప్పబోతే, మీరు ఆగండి అన్నాడు. చెవిలో గొంతులు వినిపించే జబ్బని రాసేశాడు. అంత పెద్దాయన అంటుంటే మనకెందుకని నేనూ ఆగాను.

అయినా మాత్రలు పనిచేశాయా లేదా? నువ్వే చెప్పు. నాతో ఇక్కడికి వచ్చేది కదా, ఆ స్టూలు మీద కూర్చోమంటే కూర్చునేది, లెమ్మంటే లేచేది. లావైంది, చేతులు వణికేవి, నిజమే. ఏ మందుకైనా ఏదో ఒకటి ఉంటుంది.

ఇప్పుడో? ఆ కొత్త డాక్టరమ్మ కొంచెం కొంచెంగా తగ్గించి మొత్తం ఆపించేసింది. ఇది కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతుంది. తాళాలు బాగుచేసే పని నేర్చుకుంటోందట, ఊళ్ళో ఉన్న తుప్పు తాళాలన్నీ మా వంటింటి బల్లమీదే. ఒకటి పట్టుకుందంటే అది తెరుచుకునేదాకా తిండి కూడా అక్కర్లేదు.

మంచిదేగా అంటావు. నీదేం పోయింది.

జడ వేయనివ్వడం లేదు తమ్ముడూ.

నవ్వకు. నవ్వలేదా, సరే. ఇన్నేళ్ళూ నేను డ్యూటీకి వెళ్ళేముందు వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చునేది. చిక్కులు తీసి, నూనె రాసి, జడ వేసేదాన్ని. ఒక్కోసారి తల నా మోకాలికి ఆనించి అలాగే కునుకు తీసేది. ఆయన పోయాక నన్ను ఆనుకుని కూర్చున్న మనిషి అదొక్కతే.

మొన్న దువ్వెన తీసుకుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "దువ్వొద్దమ్మా. తలంతా మంట పుడుతుంది. ఎప్పుడూ అంతే" అంది. మరి ఇన్నాళ్ళూ కూర్చున్నావుగా అన్నాను. "మాత్ర వేసుకుంటే లేచి వెళ్ళే ఓపిక ఉండేది కాదు" అంది. కోపంగా కూడా కాదు, టైమెంతయిందో చెప్పినట్టు చెప్పింది. మర్నాటికి జుట్టు చెవులదాకా కత్తిరించేసుకుంది.

అబద్ధమాడుతోందని సరిపెట్టుకుందామని చూశాను. దానికి అబద్ధం చేతకాదు.

అందుకే వచ్చాను. రోజూ కాదు. ఆదివారం పూట ఒక్కటి, పొడి చేసి పాలల్లో. జుట్టు పెరిగేదాకా ఆగుతాను కూడా. నేనేం అడుగుతున్నానో నాకు తెలుసు. కన్నతల్లివేనా అని నువ్వు అనక్కర్లేదు, దారిపొడుగునా నేనే అనుకుంటూ వచ్చాను.

ఇవ్వవా? ఫోనొచ్చిందా? చెప్పానుగా, నీ మొహం చూడగానే అనుకున్నాను. ఆడపడుచేగా?

మా అమ్మాయా.

అది ఫోనే ఎత్తదు తమ్ముడూ. మోగితే గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. తనంతట తనే చేసిందా? ఏమంది? మా అమ్మ వస్తుంది, ఇవ్వకండి అనా? ఇంకేమైనా అందా నా గురించి? అంతేనా.

నేను వస్తానని నాకంటే ముందే దానికి తెలిసిందన్నమాట. మనుషుల్ని పసిగట్టేది ఇంట్లో నేనొక్కదాన్నే అనుకున్నాను.

ఆ చీటీ ఇటివ్వు. మెయిన్ రోడ్డు మీద ఇంకా షాపులున్నాయి. వాళ్ళకీ చేసి ఉంటుందంటావా?

చేసే ఉంటుంది. అది ఏ పనీ సగంలో వదలదు.