సంధ్యోళ్లమ్మ చుక్క

ఏం పని చేసినవయ్యా సంధ్య నాయినా! పొద్దుగాల నల్లాకాడ శ్యామలమ్మ ఏమడిగిందో తెలుసా? "ఏంది వదినె, అన్న ఆకాశంల కనిపెట్టిన రాయికి సంధ్యోళ్లమ్మ అని పేరు వెట్టిండట గద?" అన్నది. పోచంపల్లంత గదే ముచ్చట!

నవ్వకు. నిన్న సన్మానంల మైకు నీ చేతులవెట్టి, "సార్, మీ గ్రహశకలానికి ఏం పేరు వెట్టిండ్రు?" అనడిగితే ఏమన్నవ్? "మా సంధ్యోళ్లమ్మ పేరు" అన్నవ్. గంతే, కూసున్నవ్. నా పేరు చెప్తె ముత్యాలు రాలుతయా?

అవ్, మనదిక్కు పెండ్లాన్ని మొగడు పేరువెట్టి పిలువడు. పెండ్లైన కొత్తల "ఏమే" అన్నవ్, బిడ్డ పుట్టినంక "సంధ్యోళ్లమ్మా" అన్నవ్. నేనేమన్న అన్ననా?

బళ్లె సైన్సు చెప్పొచ్చి కంప్యూటర్ ముందల కూసుంటవ్. ఆకాశంల ఒకే జాగ ఫోటోలు ఒకదాని ఎన్క ఒకటి తిప్పుకుంట, అన్ని చుక్కలు ఉన్నకాడనే ఉంటె, జరిగే చుక్క కోసం దేవులాడుతవ్. నా చీరెల చుక్క జరిగితె తప్పు, ఇప్పి మల్ల నేస్త. నీకాడ చుక్క జరిగితె పండుగ! తోకచుక్క దొరికిన్నాడైతె పొయ్యి మీది ఉప్మా మాడవెట్టినవ్. దానికి కనిపెట్టినోళ్ల ఇంటిపేరే వెడ్తరట. పోనీ, దానికన్న ఇంత తోకున్నది. నా రాయి ఉత్త కండ్లకు ఆననే ఆనదట! నా పేరుకు గదే దొరికిందా?

ఎక్కిరిస్తున్న గని, ఒక ముచ్చట చెప్పాల్నా? మా అమ్మ పోయినంక నన్ను పేరువెట్టి పిలిచెటోళ్లే లేరు. ఆ పేరు రేషన్‌కార్డుల తప్ప యాడ లేదు. నువ్వేమో రాయికి గదే పేరు వెట్టుమని దేశదేశాలోళ్లకు రాసి పంపినవ్. ఇన్నంక కండ్లల్ల నీళ్లొచ్చినయ్, దాచుడెందుకు. గని నా పేరు నేను ఆళ్ల నోట ఇనుడెందుకయ్యా?

ఇగో, మగ్గం ఆపిన. ఇంట్ల మనమిద్దరమే ఉన్నం. జర పిలువు. ఆండాళూ అని. గంతే.

తలుపు దిక్కు ఏం చూస్తవ్? ఎవ్వలు రారు. అయ్యో, చెమటలు గూడ వడ్తున్నయా? తోకచుక్కను వట్టినోనివి నువ్వు!

ఏమన్నవ్? ఇనవడలే. మల్లొక్కసారి.

ఉత్తగనే అన్న తియ్. మొదటిసారే ఇనవడ్డది. ఇంకోసారి అను.