మిష్రిఫ్ ఇంట్లో తుపాకి

"అవ్వా, ఈ కువైట్ మీదికి ఇరాకోళ్లొచ్చినప్పుడు నువ్వు తుపాకి పట్టుకున్యావంట గదా, నిజమేనా?"

పట్టుకున్యా. నీ మాదిరి పట్టుకోల్యాలే. ఏదీ, ఆ ఫోన్ ఇట్ల తే, నీ ఫోటో చూస్తా. అబ్బబ్బా, ఏం నిలబడినావురా, నల్లద్దాలు, మెలేసిన మీసం, భుజాన తుపాకి. ఎవునిదది? మన ఊరి నాయకుని గన్‌మ్యాన్‌దా? అడుక్కొని పట్టుకున్యావా? ఇక్కడ అబ్బాసియాలో ఆరుమంది ఒక రూములో పండుకొని, పొద్దన్నే నీకు వీసా ఇచ్చిన కఫీల్ కారు తుడిచేటోనివి. ఫోన్లో మాత్రం పాళెగాడివి. కూర్చో, అన్నం తింటా ఇను.

అప్పుడు నేను ఇక్కడే మిష్రిఫ్‌లో ఒకింట్లో పని. వంట, ఊడ్చేది, అన్నీ నేనే. మీ అమ్మ ఊర్లో మా అమ్మకాడ ఉండె, ఇంత పిల్ల... కాదు కాదు, బడికి పోతాండె అప్పటికే. ఆ ఇంట్లో మామా, అంటే ఇంటామె, ఆమె మొగుడు ముసలి బాబా, వాళ్ల కొడుకు నాసర్. ఇరవై ఏండ్లుంటాయి. తాగిన గ్లాసు కూడా తీసి పక్కన పెట్టడు. పొద్దంతా ఇంగ్లీషు ఫైటింగ్ క్యాసెట్లు చూస్తాండె.

ఇరాకోళ్లొచ్చినాక యాడ్నుంచి తెచ్చినాడో, ఒక తుపాకి తెచ్చె. తెచ్చి ఏం చేసినాడనుకుంటివి? అద్దం ముందర నిలబడె. తలగుడ్డ మొగానికి చుట్టుకొని ఈ పక్కకొకసారి, ఆ పక్కకొకసారి. బాబా ఏమో, మగోడుండే ఇంట్లో తుపాకి ఉండాల, అది మన హక్కు అనె. హక్కంట. నిజంగా కొట్లాడినోళ్లు లేరని కాదురా, ఉండిరి, ప్రాణాలే ఇచ్చిరి. వాళ్లు అద్దం చూసుకోల్యా.

మన పక్క కక్షల సంగతి తెల్సు గదా, ఆ బాంబులూ కొడవండ్లూ చూడలేక నేను కువైట్‌కొస్తే, ఇక్కడ తుపాకి ఇంట్లోకే వచ్చె. వెనక సందులో ఒకింట్లో పిస్తోలు దొరికిందని, ఆ ఇంటి పిల్లోన్ని ఇరాకోళ్లు గడప ముందర నిలబెట్టి తల్లి చూస్తాండంగానే కాల్చినారు. ఆయమ్మ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉండాది.

ఒక పొద్దు మా సందులోకీ సోదాకొచ్చిరి. రెండిండ్ల అవతల ఉండారు. మన ఫైటింగ్ నాసర్ తుపాకి పట్టుకొని గడగడ వణుకుతాండాడు. యల్లా, ఇటియ్యి అని గుంజుకొని, నేల తుడిచే గుడ్డలో చుట్టి ఇంటెనక్కి పోతి. వాళ్లొచ్చి పరుపులు చింపి, బియ్యం గుమ్మరించి, ఏమీ దొరక్క, నా వంటింట్లో ఖర్జూరాలు మెక్కి పోయిరి.

మరుసటి పొద్దుకు వీనికి మళ్లా పౌరుషమొచ్చె. నా తుపాకి యాడ అనె. సందు చివర దిబ్బలో పూడ్చినా అంటి. మన పక్క నాటుబాంబులు దిబ్బల్లోనే పూడుస్తారని వానికి నేనే ఎప్పుడో చెప్పింటి, నమ్మె. అప్పుడు చెత్త బండ్లు రాక, ఆ దిబ్బ మనిషెత్తు లేసింది. చేప తలకాయలు, పురుగులు, ఈగలు. పోయి తవ్వుకొని రా అనె నన్ను. నాకు నడుము నొప్పి, నీ హక్కు నువ్వే తవ్వుకో అంటి.

ముక్కుకు గుడ్డ కట్టుకొని పార పట్టినాడు. పక్కింటాయన చూసి, భలే పిల్లోడు, సందు బాగు చేస్తాండాడని తనూ ఒక పార తెచ్చె. ఇంకిద్దరు చేరిరి. ఇంగ తుపాకి కోసమని ఎట్ల చెప్తాడు? తవ్వె, మోసె, తగలబెట్టె. ముసలమ్మలు దీవించబట్టిరి. దిబ్బ ఖలాస్, తుపాకి లేదు. అయినా పక్క సందోళ్లు పిలిస్తే మళ్లా పాయ. తర్వాత రొట్టెల బట్టీలో పిండి కూడా పిసికె. అద్దం ముందర నిలబడేకి తీరికే లేకపాయ వానికి.

తుపాకా? ఇంటెనక మురుగు గుంతలో ఏసి మూత పెడితి. దిబ్బలో నేనెందుకు పూడుస్తారా, మనూర్లో పోలీసోళ్లు మొట్టమొదట గెలికేది దిబ్బనే గదా.

ఇరాకోళ్లు పోయినాక మామా నా చేతులు పట్టుకొని ఏడ్చె. తుపాకి యాడుందని అడగల్యా ఆయమ్మ. కొడుకుండాడు, చాలనె.

మీ అమ్మకు ఉండేది నువ్వొక్కడివి. ఆ ఫోటో తీసెయ్. నూరేండ్లు చల్లగుండు నాయనా... యాడికి లేస్తాండావు? ఆ ప్లేటు కడిగి పెట్టి పో. నాది కూడా.