మూడు కోతల్లో ఎడమ మర

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు సరంగుగారూ. పదహారేళ్ల కిందట ఒక్క నట్టు చేశాను, అంతే. గంటన్నర పట్టింది. అందులో అరగంట సిగరెట్టుకే పోయింది," అన్నాడు గప్సుల్.

"ఈ వారంలో ఇది మూడోసారి," అన్నాడు వెల్డర్ చిల్‌బొక్, పులుసు ఊదుకుంటూ.

పుసాన్ రేవుకెదురుగా యొంగ్దో దీవిలో, పడవలు బాగుచేసే వీధిలో బొంగ్న్యే కొట్టు. మధ్యాహ్నం సైరన్ మోగితే తుప్పు రాల్చే సుత్తులన్నీ ఆగిపోయి, జనం ఆవిడ చేపముద్దల పులుసు దగ్గరికే చేరతారు. ఆరోజు కొత్తగా వచ్చినవాడు ఓక్ సరంగు. ఆయన పడవ ఒడ్డుకెక్కి ఉంది. నీళ్లలో తిరిగి పడవని తోసే పంఖాని షాఫ్టుకి పట్టి ఉంచే కంచు నట్టు పగిలింది. ఎల్లుండి వేటకి పోవాలి. పని ఎవరికివ్వాలో తేలక కూర్చున్నాడు. లేత్ పనివాడు గప్సుల్ ఆ సంగతి పసిగట్టి, బల్ల ఆ చివరి నుంచి ఈ చివరికి జరిగాడు.

"అది ఆషామాషీ నట్టు కాదు. మీ పడవలాగే పంఖా కుడికి తిరిగే పడవ. నట్టుకి కుడి మర పెట్టామా, నడిసముద్రంలో వదులై పంఖాతో సహా అడుక్కిపోతుంది. అందుకే ఎడమ మర, ఎడమకి తిప్పితే బిగిసేది. పైగా నట్టుకి ఒకవైపు మూత. అంటే మర కోసే టూలు ముందు అడుగుదాకా పోయి, అక్కణ్ణుంచి కోసుకుంటూ బయటికి రావాలి. లోపలేం జరుగుతోందో కంటికి ఆనదు. మిగతావాళ్లు టార్చిలైటు పట్టుకుని, తల దూర్చి నానా తంటాలు పడతారు. నేనేం చేశానో తెలుసా? కళ్లు మూసుకున్నాను."

"అదేంటి?" అన్నాడు సరంగు.

"కళ్లు తెరిచి ఉంటే చెవి బద్ధకిస్తుందండీ. టూలు పాడుతుంది. పాట బాగుంటే మర బాగున్నట్టే. మూడే మూడు కోతలు! వేరేవాళ్లకి ముప్పై పడుతుంది."

"ఆ ముప్పై ఇప్పుడు కోస్తున్నాడు లెండి," అన్నాడు చిల్‌బొక్.

"మూడో కోతకి, కంచు రిబ్బనులా తెగకుండా బయటికొచ్చింది..."

"ఆగన్నా. కంచు రవ్వలా పొడిపొడిగా రాలుతుంది. రిబ్బనెక్కడిది?"

"నీ ముందు రాలుతుంది. నా ముందు దానికి ఒద్దిక. ఆ రిబ్బను గుమ్మం దాటింది, వీధి దాటింది, లైటుహౌసు దాకా పోయింది. రెండు పడవల్ని దాంతోనే కట్టేశారు. ఆడవాళ్లు దానిమీద చేపలు ఆరేసుకున్నారు. నెలరోజులు వీధిలో ఎవరూ తాడు కొనలేదు!"

సరంగు నవ్వలేదు. "నాకు పనికొచ్చే మాట చెప్పు. నా పడవలో ఏడుగురున్నారు. ఆ నట్టు మీదే వాళ్ల ప్రాణాలు. నువ్వు చేసింది షాఫ్టుకి సరిపోయిందా?"

"సరిపోవడమా! జానెడు దూరంలో చూపించానంతే. నా చేతిలోంచి జారి, తనంతట తానే షాఫ్టెక్కి బిగుసుకోవడం మొదలెట్టింది. ఆపితే ఆగదే! నలుగురం పట్టుకుని వేలాడాం. అది మమ్మల్ని కూడా గిరగిరా తిప్పింది. బిగిసీ బిగిసీ షాఫ్టునే వెనక్కి లాగేసింది. డెబ్బై రెండడుగుల పడవ డెబ్బైకి వచ్చింది. పాపం వంటవాడు ఆనాటి నుంచీ కాళ్లు ముడుచుకునే పడుకుంటున్నాడు."

"తర్వాత?" అన్నాడు చిల్‌బొక్. పులుసు సంగతే మర్చిపోయాడు.

"తర్వాతేముంది, లాగడానికి పడవ మిగల్లేదు. పడవ కూర్చున్న పట్టాల్ని పట్టుకుంది. పట్టాలు దీవిని పట్టుకున్నాయి. యొంగ్దో దీవి మొత్తం కిర్రుమని పావు వంతు ఎడమకి తిరిగింది! అంతకుముందు సూర్యుడు మా వంటింటి కిటికీలో ఉదయించేవాడు. ఇప్పుడు తిన్నగా నా పక్కమీదికే వస్తున్నాడు. పదహారేళ్లుగా సరైన నిద్ర లేదు. అయినా ఎవరికైనా ఫిర్యాదు చేశానా?"

బొంగ్న్యే చేతులు తుడుచుకుని కొట్టు వెనక్కి వెళ్లింది. కిమ్చీ పచ్చడి జాడీ మూతమీద బరువుగా పెట్టిన దాన్ని రెండు చేతులా ఎత్తి తెచ్చి, బల్లమీద ధబీమని పెట్టింది. గిన్నెలెగిరిపడ్డాయి. పచ్చగా చిలుమెక్కిన కంచు నట్టు. ఒకవైపు మూత.

"ఆ పడవ మా ఆయనది," అంది. "గప్సుల్ చేసిన నట్టు ఇదే. లోపల వేలు పెట్టి చూడండి."

చిల్‌బొక్ వేలు పెట్టి, మర వెంట తిప్పాడు. మొహం వెలిగిపోయింది. "కుడి మర!"

"అలవాటుకొద్దీ కుడికి కోసేశాడు. షాఫ్టుకి ఎక్కితేగా! లేత్ పక్కన చతికిలబడి ఏడ్చాడు. మర్నాడు పొద్దున మళ్లీ మొదలెట్టాడు. పదకొండు గంటలు. టార్చిలైటు పట్టుకున్నది నేనే. చెయ్యి పడిపోయిందనుకోండి."

గప్సుల్ చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క గుటక వేసేంతసేపే. "మీరు ఇటునుంచి చూస్తున్నారు, అందుకే కుడి. అటు తిప్పి చూడండి, ఎడమవుతుంది."

చిల్‌బొక్ తిప్పాడు. "అటు తిప్పితే మూత కనిపిస్తోందన్నా."

కొట్టంతా గొల్లుమంది. ఓక్ సరంగు మాత్రం బొంగ్న్యే వంక చూశాడు. "మరి రెండోది?"

"ఇవాళ పొద్దున కూడా మా ఆయన దాన్ని నమ్ముకునే వేటకి వెళ్లాడు. ఒక్కసారీ వదులు కాలేదు."

సరంగు బల్లమీది నట్టుని రెండు చేతులా లేపి, బరువు చూసి దించాడు.

"నాకు రెండు చెయ్యి, గప్సుల్," అన్నాడు. "మా ఇంట్లోనూ కిమ్చీ జాడీ ఉంది."