నూనె చుక్కల సరిహద్దు

దర్జీ కొట్టుకీ వాచీల కొట్టుకీ మధ్య అరుగు మీద రెండు మూరల జాగా ఉంది. అది నాదంటే నాదని మూడు నెలలుగా కొట్లవాళ్ళిద్దరూ తగువులాడుకుంటున్నారు. ఒకరి సామాను మరొకరు పడనివ్వరు కనక అది ఖాళీగా ఉంది. ఖాళీగా ఉంది కనక రిటైరైన డ్రైవరుగారి కుర్చీ అక్కడ పడింది.

ఆయన ఒకప్పుడు ఏదో దేశపు రాయబారికి కారు నడిపాడట. అందుకే వీధంతా ఆయన్ని ‘రాయబారిగారూ’ అంటుంది. అది వెక్కిరింత అని ఆయన ఏనాడూ అనుకోలేదు. ఇంట్లో ఆయన నోరు తెరిస్తే కోడలు టీవీ శబ్దం పెంచుతుంది. ఇక్కడైతే నలుగురూ వింటారు. ఈ కుర్చీ పోతే తన మాటకి చోటే లేదని ఆయనకి దిగులు.

ఆ పొద్దున ఆ ముప్పు రానే వచ్చింది. నిన్న దర్జీ అమ్మాయి నీలం సుద్దతో గీసుకున్న హద్దు మళ్ళీ చెరిగిపోయింది. ఇది నాలుగోసారి. నువ్వే చెరిపావంటే నేను కాదని ఇద్దరూ అరుచుకుని, అలిసిపోయాక, వాచీలు బాగుచేసే ఆయన “పోనీ, పోస్ట్‌మేన్ ఎదుట చెరిసగం చేసుకుందామమ్మా” అన్నాడు. దర్జీ అమ్మాయి కత్తెర పక్కన పెట్టి “సరే అన్నయ్యా” అనేసింది.

రాయబారిగారు భుజం మీది తువ్వాలు సర్దుకుని, గబగబా గొంతు సవరించుకున్నాడు.

“తొందరపడకండర్రా! సరిహద్దు తగాదా అంటే ఆషామాషీయా? రెండు దేశాలు ఒక కొండ కోసం తన్నుకుంటుంటే మధ్యవర్తిగా మా రాయబారిని పిలిచారు. కారు నడిపిందెవరు? నేను!”

“అంటే బయట కారులో కూర్చున్నారు,” అన్నాడు అప్పుడే వచ్చిన పోస్ట్‌మేన్, సంచీ దించుతూ.

“కూర్చోవడమేంటయ్యా! గదిలోకి ముందు ఎవరు రావాలనే దగ్గరే వాళ్ళకి పదిహేను రోజులు గడిచిపోయాయి. మా రాయబారి విసిగిపోయి, ‘డ్రైవరూ, నన్నోసారి ఆ కొండ చుట్టూ తిప్పు’ అన్నాడు. తిప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంజిన్ కింద నూనె కారుతోంది, నేను చూసుకోలేదు. చుక్క చుక్కా కలిసి రెండు వందల మైళ్ళ నల్లగీత! రెండు సైన్యాలూ లేచి చూసి, ఒప్పందం కుదిరింది కాబోలనుకుని, అటువాళ్ళు అటూ ఇటువాళ్ళు ఇటూ జరిగి సెల్యూట్ కొట్టారు!”

“ఎవరికి? నూనెకా?”

“నాకు! దారిలో కోడి అడ్డొస్తే స్టీరింగు కాస్త తిప్పాను. ఈనాటికీ మ్యాపులో అక్కడ గీత వంకరే! ఊరు ఊరంతా దేశం మారిపోయింది. ఆ కోడికి విగ్రహం పెట్టారు తెలుసా?”

“మీకు పెట్టలేదా బాబాయ్?” అంది దర్జీ అమ్మాయి, సూదిలో దారం ఎక్కిస్తూ.

“ఎదురుగా నాదేనమ్మా, కారుతో సహా! కొండెక్కేసరికి రేడియేటరు మరిగి ఆవిరి చిమ్మితే అక్కడి మంచు అంతా కరిగి నది పుట్టింది. అదెవరిదని మళ్ళీ గొడవ. రివర్సు గేరు వేసి ఒక్క తోపు తోశాను, కొండ వంద గజాలు వెనక్కి జరిగింది!”

“కొండ జరిగిందా?”

“జరక్కపోతే నా బంపరు ఎందుకు సొట్టపడుతుందయ్యా?”

అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. పంపకం మాట మర్చిపోయారు. రాయబారిగారికి ఊపొచ్చింది. ఆ ఊపులోనే నోరు జారాడు.

“అసలు కథ ఇప్పుడుంది. తగాదా తీరిందని అందరూ మిఠాయిలు పంచుకుంటుంటే మా రాయబారి నెత్తి బాదుకున్నాడు. ‘ఎంత పని చేశావురా! వీళ్ళు రాజీపడితే ఇక్కడ మన బంగళా ఎందుకు, నా కుర్చీ ఎందుకు? ఎవరూ చూడకుండా తుడిచెయ్’ అన్నాడు. ఒక్కణ్ణే, ఒకే ఒక్క గుడ్డతో రెండు వందల మైళ్ళూ తుడిచేశాను! ముప్పై ఏళ్ళయింది, చర్చలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. మావాళ్ళు బంగళాకి మూడో అంతస్తు కూడా వేశారు!”

ఈసారి ఎవరూ నవ్వలేదు. దర్జీ అమ్మాయి సూది గుచ్చి పెట్టి లేచింది.

“బాబాయ్, రోజూ మా అందరికన్నా ముందొచ్చేది మీరేగా?”

“అలవాటమ్మా.”

“ఆ తువ్వాలు ఒకసారి ఇవ్వండి.”

ఆయన ఇవ్వలేదు. ఆమే భుజం మీంచి లాగింది. ఒక అంచంతా నీలంగా ఉంది. వాచీలాయన కంటికి భూతద్దం బిగించుకుని ఆ అంచుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“నాలుగు గీతలూ ఇందులోనే ఉన్నాయమ్మా,” అన్నాడు.

రాయబారిగారు తలదించుకున్నాడు. “ఈ కుర్చీ తీసేస్తే నేనెక్కడికి పోవాలర్రా?” అన్నాడు మెల్లగా. ఆ ఒక్క మాటలో మాత్రం కోతలేం లేవు.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. తర్వాత చెరో పక్కా పట్టుకుని, ఆయన కూర్చునుండగానే కుర్చీని పైకెత్తారు. మూడు నెలల్లో వాళ్ళు కలిసి చేసిన మొదటి పని అదే. వెనకాల పోస్ట్‌మేన్ వంగి, కుర్చీ ఉన్న చోట నడిమధ్యన నీలం సుద్దతో గీత గీశాడు. వాళ్ళిద్దరూ మెట్లు దిగి, ఎవరిదీ కాని రోడ్డు పక్కన కుర్చీ దించబోతుంటే, గాల్లోనే ఆయనకి మళ్ళీ గొంతు లేచింది.

“చూశావటయ్యా పోస్ట్‌మేనూ! రెండు పక్షాలూ కలిసి మోయడమన్నది మా రాయబారికి కూడా దక్కలేదు!”