తేట నీళ్లు

ఇగో, త్రివేణి నాయినా, నీ బిడ్డకు జర నువ్వన్న జెప్పు! నా మాట ఇంటదా ఏంది?

పెత్తరమాస గదా, నీ పేరు మీద గారెలు వెట్టి డాబా మీద కూసున్న. కాకి దిగెదాక ఇను. నువ్వు పోయి ఏడేండ్లాయె, ఇంకేం పనున్నది నీకు?

పిల్ల పెద్ద సదువు సదువుతున్నది, ఎరుకేనా? లాలాపేట అవతల ల్యాబుల. గాజు బిళ్ల మీద జింక్ ఆక్సైడ్ మొలిపిస్తది. అవ్, మొలుసుడే! జింకు ఉప్పు కలిపిన నీళ్లల్ల బిళ్లను ముంచి ఉడుకుడుకుగ ఉంచితె, సన్నటి నూగు లేస్తదట. మన కండ్లకు తెల్లటి పొర, గంతే. దాన్ని రంగు నీళ్లల్ల ఏసి ఎండకు వెడితె, ఆ నూగు ఎండను వట్టుకొని రంగును ఇరగ్గొడ్తదట.

ఏ రంగనుకున్నవ్? నీ రంగే! నాచారం షెడ్డుల నువ్వు బట్టలకద్దిన ఎర్రరంగు. అందరు నీలిరంగుతోని జేస్తుంటె, దీనికి ఎర్రదే గావాలె.

మొన్న ఎండకాలం సీసాల నీళ్లు పొద్దుగాల నెత్తుర్లెక్క ఉన్నయి, పొద్దుగూకెవరకు తేటగైనయి. దానికి పని జూపిచ్చే నరసింహమూర్తి సారు మస్తు ఖుషీ అయిండట. "రాసెయ్యమ్మా, పట్టా వచ్చేసినట్టే" అన్నడట.

పిల్లేం జేసింది? ఆ తేట నీళ్లను మిషన్ల వెట్టి సూసింది. రంగు వోయింది గని, ఇరిగిన ముక్కలు అందుల్నే ఉన్నయట. విషమేనట. కండ్లకు గనవడదు, గంతే ఫరకు.

"సార్, ఇది గూడ రాయాలె" అన్నది. "రంగు పోయిందా లేదా? అది రాయి చాలు" అని ఆయన. "మా నాయిన తేట నీళ్లే తాగిండు సార్" అన్నదట నీ బిడ్డ.

ఇంటికొచ్చి జెప్తుంటె నాకు ఆ షెడ్డే యాదికొచ్చింది. షెడ్డెన్క బోరు ఎర్రగొచ్చినన్ని దినాలు ఎవలన్న తాగిన్రా? ముట్టలే! షెడ్డోళ్లు టాంకి గట్టి, ఏందో మందు గలిపినంక తేటగొచ్చె. బిందె భుజాన వెట్టుకొని వచ్చినవ్, "సూడే, అద్దం లెక్కున్నయ్" అనుకుంట. ఎంత సంబురపడ్డవ్! ఆఖరికి మూత్రంల నెత్తురు వడె. దవాఖానల నీ చెయ్యి ఇడువకుంట కూసున్నది ఈ పిల్లనే.

సారు ఆ పని ఇంకొకలకు అప్పజెప్పిండు. వాళ్లు రాసేసిన్రు, అయిపోయింది. ఇది మాత్రం సమ్మెల బస్సులు బందున్నా నడుసుకుంట పోతున్నది. బిళ్లలు మారుస్తది, నూగు ఇంక పొడుగు వెంచుతది, సీసాలను ఎండల్నే ఉంచుతది. "ముక్కలు గూడ పోవాలె అమ్మా, అప్పటిదాక బాగైనయని రాయ" అంటది.

డాబా మీద గూడ ఒక సీసా వెట్టుకుంది. దాని ముంగట కూసోని పెదవులు కదుపుతది. ఎవలతోని మాట్లాడుతున్నవే అంటె ఏమన్నదో ఎరుకేనా? "నాయినను తాగొద్దంటున్న."

జర దాన్ని ఇడిసిపెట్టు! దాని ముంగటికి రాకు, నీకు దండం వెడ్త.

ఏంది, నా సంగతా? నాకు గూడ గ్లాసుల నీళ్లు వోసుకుంటె నోటికాడికి రాదు. ఎంత తేటగుంటె అంత భయం. ఎత్తుత, సూస్త, దించుత.

గని దూప ఆగుతదా? తాగుతున్న. ఏం జెయ్యాలె మరి!