రాజగోపాల్ నింపిన తూటాలు

మీ ఆయన రైఫిల్ కొన్నాడా? అబ్బో! కూర్చో రేణూ, ఆ మాట వింటే నాకు రాజగోపాల్ గుర్తొస్తాడు. నీకు తెలీదులే, నీ చిన్నప్పటి సంగతి. మేమిద్దరం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండి చదువుకున్నాం. నేనేమో ఇటు వర్జీనియా వచ్చిపడ్డాను, అతను జియాలజిస్టుగా వయోమింగ్‌లో యురేనియం గనికి వెళ్ళాడు. గని మీద పుట్టిన ఊరది. స్కూలు, ఈతకొలను, బార్ అన్నీ ఉండేవి. ఎనభై రెండులో గని మూసేశారు. అంతే, జనం ఇళ్ళకిళ్ళే ట్రక్కుల మీద ఎక్కించుకుని వెళ్ళిపోయారు. అవునమ్మా, ఇళ్ళే, ట్రైలర్ ఇళ్ళు కదా! గని గోతుల్లో చేరిన నీళ్ళు విషమెక్కకుండా చూసుకోవడానికి కంపెనీ ఇతన్ని ఉంచేసింది. పెళ్ళా? చేసుకోలేదు. ఎందుకనడిగితే "చూద్దాంలే" అనేవాడు, చూడనే లేదు. ఆ వీధిలో మిగిలింది ఇతనూ, పక్కింటి ఎర్లూ. ఎర్ల్ అంటే గనిలో మెకానిక్‌గా చేసి రిటైరైన ముసలాయన, భార్య పోయింది. సాయంత్రమైతే ఇతను అక్కడికే. ఆయన గరాజ్‌లో కూర్చుని తూటాలు నింపుతుంటే చూస్తూ ఉండేవాడు. నేర్చుకున్నాడు కూడా. పేల్చేసిన ఇత్తడి గొట్టాన్ని మళ్ళీ అచ్చులో నొక్కి, కొత్త తుపాకీమందు తూచి పోసి, పైన బుల్లెట్ బిగించడం. ఎర్ల్ ముక్కుతో సాగదీస్తూ మాట్లాడేవాడట, "రా...జ్, కొట్లో తూటాలు అందరి కోసం చేస్తారు. ఈ తుపాకీకి ఏది నప్పుతుందో మనమే కనుక్కోవాలి" అని. ఆ తుపాకీ ఎర్ల్‌ది, సెవెన్ ఎం.ఎం. మాగ్నమ్. పేలిస్తే భుజం మీద గుర్రం తన్నినట్టుంటుందట.

ఇదిగో, ఈ కారప్పూస తిను, మీ ఆంటీ చేసిందే. ఆఁ, ఎక్కడున్నాం? ఎర్ల్ భుజానికి సర్జరీ అయింది. ఇంక మాగ్నమ్ ముట్టుకోవద్దన్నారు డాక్టర్లు. ఆయన ప్రతి అక్టోబర్‌లో ఎల్క్ వేటకి వెళ్ళేవాడు. ఎల్క్ అంటే మన కణుజు జింక లాంటిదే, ఇంకా పెద్దది. ఆ ఏడు వెళ్ళలేదు. గరాజ్ తలుపు కూడా తీయలేదట, టీవీ ముందు కూర్చుని "నా పని అయిపోయింది రాజ్" అనడం. ఆ చలికాలమంతా రాజగోపాలే గరాజ్ తీసి పనిలో పడ్డాడు. తేలిక బుల్లెట్ పెట్టి, తూటాలు నింపే పుస్తకంలో రాసిన హద్దు దాటకుండా మందు తగ్గించాడు. తన్ను తగ్గింది గానీ గురి చెదిరిపోయింది. వంద గజాల దూరంలో కాగితం పెట్టి కాలిస్తే మూడు బుల్లెట్లూ మూడు దిక్కులు! మామూలు వాడైతే వదిలేసేవాడు. ఇతను ఒక్కసారికి ఒక్కటే మార్చేవాడు. ఒకసారి మందు, ఒకసారి బుల్లెట్ లోపలికి దిగే లోతు. గొట్టాన్ని మరీ నొక్కేయకుండా ఆ తుపాకీలో తూటా కూర్చునే గదికి సరిగ్గా సరిపోయేంతే నొక్కడం. ఆదివారం ఫోన్ చేసి నాకివన్నీ చెప్పేవాడు. నేను ఊఁ కొట్టేవాణ్ణి, నాకేం తెలుసు? ఎండాకాలానికి మూడూ దగ్గరికొచ్చాయి. అక్టోబర్‌లో, మొదటి మంచు పడ్డాక, ఎర్ల్‌ని జీపులో కొండ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎర్ల్ పేల్చింది ఒక్క తూటా, ఎల్క్ నిలుచున్నచోటే కూలిపోయింది. ఎర్ల్ భుజం తడుముకుని, "పిల్లి తన్నినట్టుందిరా" అని నవ్వబోయి ఏడ్చేశాడట. ఆ మాంసం మోయలేక మా వాడి నడుం పడిపోయింది. ఫోన్‌లో ఎంత సంతోషమో! అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఆ తర్వాత ఎర్ల్ మతిమరుపులో పడ్డాడు. స్టవ్ మీద గిన్నె పెట్టి మరిచిపోయేవాడు. కూతురొచ్చి అరిజోనా తీసుకెళ్ళిపోయింది. తుపాకీ, సామానూ వీడికే వదిలేశారు. ఇక ఆ వీధిలో వీడొక్కడే. "వచ్చేయరా, మా దగ్గరికి" అంటే, "నీళ్ళు ఎవరు చూస్తార్రా నరసింహం" అనేవాడు. తూటాలు మాత్రం నింపుతూనే ఉన్నాడు. ఎవరి కోసమని అడిగితే, "ఇంకా కొంచెం దగ్గరికి వస్తాయి" అనేవాడు. ఒక ఆదివారం ఫోన్ చేసి, "మూడూ ఒకే కన్నంలో పోయాయిరా!" అన్నాడు. చూపించడానికి ఎవరున్నారు చెప్పు అక్కడ? ఆ కాగితం మడత పడకుండా సీటు మీద పెట్టుకుని అరిజోనా దాకా డ్రైవ్ చేశాడు. ఎర్ల్ వరండాలో కూర్చున్నాడు. ఇతన్ని గుర్తుపట్టలేదు. "ఇన్సూరెన్స్ మనిషివా?" అన్నాడట. వీడు కాగితం చేతికిచ్చాడు. ముసలాయన కన్నం చుట్టూ వేలు తిప్పి తిప్పి చూసి, "ఇది మూడు బుల్లెట్ల పని. ఎవరు నింపారు?" అన్నాడు. మా వాడు, "వయోమింగ్‌లో మీ పక్కింటాయన" అన్నాడట. "రాజ్ కదూ! మంచివాడు" అన్నాడు ఎర్ల్. "పాపం అక్కడ ఒక్కడే ఉంటాడు. నీకు వీలైతే అప్పుడప్పుడు వెళ్ళి చూసిరా." "అలాగే, వెళ్తాను" అన్నాడట రాజగోపాల్.

...

వాన మొదలైనట్టుంది. నీ కార్ అద్దాలు ఎక్కించావా, రేణూ?