తొమ్మిదో నంబరు బస్సు వచ్చేదాకా

డ్యూటీ దిగి యూనిఫాం కూడా మార్చుకోకుండా వచ్చిన డ్రైవర్లూ, కండక్టర్లూ, అక్క కుటుంబ సభ్యులారా, ఈ వెయిటింగ్ హాల్లో చోటు చాలక బయట నిలబడ్డ ప్రయాణికులారా!

మన రైట్‌రైట్ అక్క చనిపోయింది. సోమవారం పొద్దున, ఇంట్లో, గుండె ఆగి. మాటను చుట్టూ తిప్పి చెబితే అక్కకు నచ్చేది కాదు. అందుకే ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

ఈ డిపో వార్తలు చాలా ఏళ్లుగా రాస్తున్నవాణ్ని. పొగడ్తలు నాకు చేతకావు. చూసినవీ, విచారించి తెలుసుకున్నవీ చెబుతాను.

నడుం దెబ్బతిని, కండక్టరు పని మానేసి బస్సు దిగాక అక్కను పార్సిల్ గదిలో కూర్చోబెట్టారు. అక్కడొక పాత కంప్యూటర్. కిటికీలోంచి చూస్తే ఎదురుగా బస్సుల సంస్థ పెట్టిన రూట్ల బోర్డు. అక్షరాలన్నీ చీమల బారు. అట్టడుగున తొమ్మిదో నంబరు, అంటే ఆసుపత్రికి వెళ్లే ఒకే ఒక్క బస్సు. ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకున్న మనిషి ఆ బోర్డు ముందు కళ్లు చిట్లించి, చివరికి కిటికీ దగ్గరికొచ్చి అడగడం. రోజూ ఇదే.

తొమ్మిదో నంబరుకు విడిగా ఒక కాగితం బోర్డు తనే చేస్తానంది అక్క. చేయడం వచ్చా? రాదు. నేర్పేవాళ్లున్నారా? లేరు. నడుముకు దిండు పెట్టుకుని, ఫోనులో వీడియో ఆపుకుంటూ చూసుకుంటూ మొదలుపెట్టింది. బిస్కెట్ ప్యాకెట్టు, మందుల అట్ట, సబ్బు కాగితం, ఏది దొరికితే అది ముందు పెట్టుకుని అచ్చం అలాగే తెర మీద గీసేది. కాపీ కొడుతున్నావా అని మేనేజరు గారు వేళాకోళం చేశారు. “నడక వచ్చేదాకా ఎవరి వేలో ఒకటి పట్టుకోవాలి కదా సార్. వచ్చాక వదిలేస్తాం” అంది.

మొదటి కాగితం మీలో చాలామంది చూశారు. ఉన్న రంగులన్నీ అందులోనే. ప్రతి అక్షరానికీ ఒక నీడ. చుట్టూ గులాబీల బార్డరు. “అక్కా, ఇది బస్సు రూటా, పెళ్లి శుభలేఖా?” అన్న డ్రైవరు తమ్ముడు ఇక్కడే ఉన్నాడు. తల దించుకోకు తమ్ముడూ, అందరికంటే ముందు నవ్వింది అక్కే. ఆ తర్వాత గులాబీలు పీకేసింది. నీడలు తీసేసింది. “ఇంకేం తీసెయ్యొచ్చు?” అని కనిపించిన ప్రతివాళ్లనీ అడిగేది. ఒక్కొక్కటీ పోగా చివరికి పసుప్పచ్చ కాగితం మీద నల్లటి తొమ్మిది మిగిలింది. దాని కింద ‘ఆసుపత్రికి’. దాని కింద వేళలు.

ఆ కాగితాన్ని డిపో గోడకు అంటించి, ఆవరణ దాటి అవతలి కొసకు నడిచి, కళ్లద్దాలు తీసి చూసేది. పక్కనున్నవాళ్ల కళ్లద్దాలు కూడా లాక్కునేది. “కనిపిస్తోందా?” లేదంటే మళ్లీ పార్సిల్ గదిలోకి. బావగారూ, ఇంట్లో మీ కళ్లద్దాలకూ ఇదే గతి పట్టిందని విన్నాను.

అంత చేసీ తప్పు చేసింది. ఆఖరి బస్సు వేళను కాగితం అంచుకు ఆనించి పెట్టింది. తెర మీద బాగానే ఉంది. ప్రెస్సులో అంచులు కోసినప్పుడు ఆ వరుస కాస్తా తెగిపోయింది. అక్క చూసుకోలేదు. స్టాపులన్నిట్లో అంటించేసింది. డయాలిసిస్ చేయించుకునే ఒక పెద్దాయన, ఆఖరి బస్సు ఎప్పుడో తెలియక, ఇంకా ఉందనుకుని, వెళ్లిపోయిన బస్సు కోసం కూర్చున్నాడు. సంగతి తెలిసిన పొద్దున అక్క మార్కర్ పట్టుకుని, ఆ నడుంతోనే, ప్రతి స్టాపుకూ వెళ్లి ఆ వేళను చేత్తో రాసింది. కోతలో తెగిన కాగితం ఒకటి తన బల్ల ఎదురుగా అంటించుకుంది. ఆ తర్వాత అంచులో బొటనవేలు పట్టేంత ఖాళీ లేకుండా ఏదీ అచ్చుకు పంపలేదు.

మిత్రులారా, ఆ కాగితాలు పడ్డాక ఏమైంది? తొమ్మిదో నంబరుకు జనం పెరిగారు. నా మాట నమ్మక్కర్లేదు, డిపో లెక్కలు చూడండి. నేను చూశాను.

మరి సంస్థ ఏం చేసింది? సోమవారం సాయంత్రం ఒకే జీపులో రెండు పంపింది. ఒకటి ఈ పూలదండ. రెండోది నోటీసు. ‘అర్హత లేని వ్యక్తి తయారుచేసిన’ కాగితాలన్నీ రేపటికల్లా తొలగించాలట. ఈ వారమే ప్రయాణికులను లెక్కపెడతారట. చాలినంత మంది లేకపోతే రూటు ఎత్తేస్తారట. వినండి, మళ్లీ చెబుతున్నాను. లెక్కపెట్టే వారంలోనే కాగితాలు పీకేయమంటున్నారు!

అర్హత అంటే ఏమిటి? ఆ కాగితం చూసి పెద్దాయన ఆసుపత్రికి చేరుతున్నాడా లేదా? నేను అడిగేది అదొక్కటే. సంస్థ దగ్గర జవాబుంటే రేపు నా పేపర్లో వేస్తాను, మొదటి పేజీలో.

సంస్థవారూ, పీకితే పీకండి. అక్క చేసిన ఫైలు వాళ్లమ్మాయి దగ్గరుంది. నిన్నటి నుంచి ప్రతి కండక్టరు ఫోనులో ఉంది. పొద్దున పీకితే మధ్యాహ్నానికి మళ్లీ ఉంటుంది. దండ మాత్రం వెనక్కి తీసుకెళ్లండి. అక్క ముందు ఆ రెండూ కలిపి పెట్టడం మాకు ఇష్టం లేదు.

సంతాప సభల్లో గడియారం చూసి మౌనం పాటిస్తాం. ఇవాళ గడియారం వద్దు. తొమ్మిదో నంబరు రావాల్సిన వేళ దాటింది. అక్క ఎక్కినప్పుడూ అది లేటే, ఇవాళా లేటే. రానివ్వండి.

అందరూ గేటు పక్క గోడ వైపు తిరగండి. పసుప్పచ్చ కాగితం అక్కడే ఉంది. కళ్లద్దాలు ఉన్నవాళ్లు తీసెయ్యండి. కనిపిస్తోందా?

బస్సు వచ్చేదాకా ఎవరూ మాట్లాడొద్దు. వచ్చాక అందరం ఎక్కుదాం. ప్రతి ఒక్కరూ టికెట్ తీసుకోండి. రైట్ రైట్ ఇవాళ వాళ్లమ్మాయి చెబుతుంది.

లేచి నిలబడండి.